గంగాధరం నోట్‌బుక్‌లో ఏడు పేజీలు

7-9-1987, సోమవారం. చిత్తూరు

నా కొడుకు గంగాధరం పోయి నేటికి నాలుగు నెలలు. కామెర్లు. ఇంకేం రాయను. సాయంత్రం అన్నం సయించడం లేదు, ఒంటిపూటే తింటున్నాను.

తిరుపతి నుంచి వాడి కాలేజీ వాళ్ళ ఉత్తరం. వాడి ప్రాజెక్ట్ సగంలో ఆగిందట, వేరే విద్యార్థికి ఇచ్చేస్తారట. నేను చదివింది అయిదో క్లాసు. ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇవ్వనివ్వను.

8-9, మంగళవారం

పెట్టెలో వాడి నోట్‌బుక్ దొరికింది. మొదటి బస్సుకే తిరుపతి వెళ్ళాను. వాడి ప్రాజెక్ట్ చూసే వెంకటేశ్వర్లు సార్‌ది గుంటూరు వైపు. కూర్చోబెట్టి చెప్పారు. కంప్యూటర్‌ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టం. కొత్త మిషన్‌లో అది ఏమేం చేయగలదో పరీక్షించడం మావాడి పని. ఒకే ప్రోగ్రాంలో రెండు మూడు పనులు ఒకేసారి నడుస్తాయా? అట్లా నడిచే ఒక్కో పనినీ థ్రెడ్ అంటారట. ఒక ప్రోగ్రాం పంపిన మెసేజ్ ఇంకోదానికి చేరుతుందా?

ఒగే వంటింట్లో ఇద్దరు కోడండ్లు వండినట్టా సార్ అన్నాను. అంతేనమ్మా, నాకన్నా మీరే బాగా చెప్పారండి అని నవ్వారు.

శుక్రవారంలోగా జవాబులు తేలితే ప్రాజెక్ట్ పుస్తకం వాడి పేరుతోనే బైండింగ్‌కు వెళుతుంది. ఆ పరీక్షలకు వాడు రాసిన ప్రోగ్రాం నోట్‌బుక్‌లోనే ఉందట, ఇచ్చి వచ్చాను.

9-9

కాలు నిలవలేదు.

10-9, గురువారం

మళ్ళీ తిరుపతి. సార్ ఏడు పేజీలూ కంప్యూటర్‌లో టైపు చేశారట. ప్రతి పేజీకీ ఎర్రర్. మీవాడు రాసింది తప్పేమోనమ్మా అన్నారు మెల్లగా.

టైపు చేసింది చూపించమన్నాను. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు తెలుసు. పైన 2. కొంచెం కింద ఇంకో 2. అట్లా ఏడు. ఇదేంది సార్ అంటే, మీ అబ్బాయి ప్రతి పేజీ మీదా వేశాడండి, ఉన్నదున్నట్టు కొట్టాను అన్నారు.

నోట్‌బుక్ తెరిచాను. నాలుగు నెలల తర్వాత నవ్వొచ్చింది. అది రెండు గాదు సార్, పిళ్ళారి సుడి, వినాయకుని గుర్తు, ఈడ మేము అరవోళ్ళ మాదిరి పెట్టుకుంటాం, కాణిపాకం సామిని తలుసుకోకుండా మా ఇంట్లో అంగడికి సీటీ గూడా రాయం అన్నాను. వాడి చేత పలక మీద దిద్దించింది నేనే.

సార్ తల కొట్టుకుని ఏడు రెండ్లూ తీసేశారు.

ఈసారి ప్రోగ్రాం నడిచింది. థ్రెడ్ లేదు. నా మొహం చూసి, లేదని తేలడం కూడా జవాబేనమ్మా అన్నారు. తర్వాత మెసేజ్. చేరింది! సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రింటౌట్ టకటకా బయటికొచ్చింది. పరీక్షకని మావాడు పంపిన మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సార్ చదివి వినిపించారు. అమ్మా, తింటివా.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే వాడు అడిగే మాట అది.

11-9, శుక్రవారం

గెలిచాం. అట్ట మీద వాడి పేరే వస్తుంది. బైండింగ్‌కు పంపే ముందు సార్ మొదటి పేజీ పైన నా చేత సుడి పెట్టించారు. బస్సులో పక్కనామెతో మావాడి మెసేజ్ చేరింది అన్నాను. యాడుండాడు మీవోడు అని అడిగింది. తిరుపతిలోనే అన్నాను.

అదే రోజు, సాయంత్రం 6

తింటిని నాయనా.