అత్తకొచ్చిన తాఖీదు

కిసో, ఫిబ్రవరి 20

మత్సుమోతోలోని వకీలు సెగావా గారికి కాంజాకి తొయో రాసేది.

మా చూరుకు మంచుకడ్డీలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మీకక్కడ కాస్త ఎండ కాస్తోందనుకుంటాను.

మీ ఎర్రముద్ర కాగితం అందింది. మా మేనల్లుడు షూహెయ్ అప్పుల వ్యవహారం మీరు చేపట్టారనీ, అప్పిచ్చినవాళ్ళు ఇకపై అతన్ని నేరుగా సంప్రదించకూడదనీ, ఏమున్నా మీకే రాయాలనీ అందులో ఉంది. అలాగే కానివ్వండి. ప్రతి ఆదివారం పదింటికి వాడికి ఫోన్ చేసేదాన్ని, మానేశాను. వాడే చేశాడు. మోగినంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కాబట్టి మీరే కనుక్కోండి. వాడు అన్నం తింటున్నాడా? నడుముకు ఉన్నిపట్టీ కట్టుకుంటున్నాడా? విడివిడిగా జవాబు రాయగలరు.

ఇట్లు,
అప్పిచ్చినవారిలో ఒకతె, తొయో

తా.క. అబద్ధమాడితే వాడు చెవి తడుముకుంటాడు. అడిగేటప్పుడు చెవి చూడండి.


మత్సుమోతో, ఫిబ్రవరి 24

గౌరవనీయులైన తొయో గారికి,

ఆ తాఖీదు అసలు బ్యాంకుల కోసం. మీరూ పన్నెండు లక్షల యెన్లు ఇచ్చారు గనక మీకూ పంపాల్సి వచ్చింది. డబ్బు అడగకూడదనే దాని అర్థం, మాట్లాడకూడదని కాదు. దయచేసి ఫోన్ ఎత్తండి.

షూహెయ్ గారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. దివాలా పిటిషన్ వెయ్యాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోలేకపోతున్నారు. వేస్తే అప్పులు రద్దవుతాయి, మీదీ కలిపి. మీ ఒక్కరికే చాటుగా కట్టే వీలు లేదు. "బ్యాంకుకి ఎగ్గొడితే బ్యాంకు ఏడవదండీ. అత్తకి ఎగ్గొట్టి ఏ మొహం పెట్టుకుని ఆ ఊరెళ్ళను?" అంటున్నారు. మరో దారి, కోర్టు తగ్గించినంత మొత్తాన్ని మూడేళ్ళు వాయిదాల్లో కట్టడం. అలాగైతే మీకు ఎంతో కొంత చేరుతుందని ఆయన ఆశ. భోజనం డబ్బాల కొట్టు మూతపడ్డాక ఆయన పార్శిళ్ళు మోస్తున్నారు. ఆ జీతంతో, ఆ నడుముతో మూడేళ్ళు నెట్టుకురాగలరా అని నాకు అనుమానం. అయితే నా అనుమానాలతో ఇంకొకరి బతుకు నిర్ణయించకూడదు కదా.

భవదీయురాలు,
సెగావా మినోరి

తా.క. అన్నం: ఒంటిపూట. పట్టీ: కట్టుకుంటున్నానన్నారు. చెవి తడుముకున్నారు.


కిసో, మార్చి 1

సెగావా గారికి, మంచుకడ్డీలు రాలుతున్న చూరు కింద నుంచి తొయో.

మీ రెండో ఉత్తరం కింద ముద్ర లేదు. ముద్ర ఉన్న కాగితం వద్దంటోంది, లేనిది పరవాలేదంటోంది. ముప్ఫైయెనిమిదేళ్ళు పోస్టాఫీసులో పనిచేసినదాన్ని, ఏది చెల్లుతుందో నాకు మీరు చెప్పాలా? వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. పద్నాలుగుసార్లు మోగింది, లెక్కపెట్టాను.

దివాలా తీస్తే ఓటు పోతుందనీ, బియ్యం కుక్కరు కూడా పట్టుకుపోతారనీ పక్కింటావిడ అంటోంది. నిజమేనా? వాడికి బదులు నేను తీస్తే కుదరదా? నా కుక్కరు ఎలాగూ పాతదే.

ఇట్లు,
తొయో

తా.క. వాడికి పంపకూడదు గనక మీకే ఆరు జాడీల ఉమెకాయల ఊరగాయ పచ్చడి పంపాను. వాడొచ్చినప్పుడు ముందు పెట్టండి. ఎవరు పంపారో చెప్పకండి.


మత్సుమోతో, మార్చి 6

తొయో గారికి,

ఈసారి ముద్ర వేశాను, చూడండి. ఓటు పోదు. కుక్కరు ఎవరికీ అక్కర్లేదు. మీరు బదులు తీయడం కుదరదు. పేరు మాత్రం ప్రభుత్వ గెజిట్‌లో పడుతుంది. దాన్ని చదివేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

పచ్చడి నాలుక మీద పెట్టుకోగానే షూహెయ్ గారు కిటికీ వైపు తిరిగిపోయారు. "పచ్చడైతే పంపింది గానీ ఫోనెత్తదు. అత్తకి నా మీద మనసు విరిగిపోయిందండీ. దివాలా వద్దు, వాయిదాలే కడతాను" అన్నారు. కోపం కాదు, తాఖీదు అని చెప్పాను. "మా అత్త అంత అమాయకురాలు కాదండీ" అని కొట్టిపారేశారు. పదిహేనో తేదీన ఆయన సంతకం చెయ్యాలి. మీకు రావాల్సిన మొత్తం ఈ ఫారంలో రాసి పంపండి.

మీ,
మినోరి

తా.క. మూడు జాడీలే మిగిలాయి. మిగతావి ఏమయ్యాయని అడగకండి, నేనూ చెవి తడుముకోవాల్సొస్తుంది.


కిసో, మార్చి 9

మినోరి గారికి, చూరంతా పొడిగా ఉన్న ఇంటి నుంచి తొయో.

మీరు వేసింది చిన్న గుండ్రం ముద్ర. తాఖీదు మీద ఉన్నది ఆఫీసు నలుచదరపు ముద్ర. గుండ్రంది నలుచదరాన్ని రద్దు చెయ్యలేదు. అందుకని నేనే ఒక దారి కనిపెట్టాను.

ఫారం జతచేశాను. రావాల్సిన మొత్తం: సున్నా. కారణం రాయడానికి గడి చిన్నదైపోయింది, ఇక్కడ రాస్తున్నాను. కొట్టు పెట్టినప్పటి నుంచి వాడు నాకు నెలకు పదివేల యెన్లు పంపేవాడు, పదేళ్ళపాటు. నాకు పెన్షన్ చాలు. ఆ కవర్లన్నీ మా ఆయన పటం కింద సొరుగులోనే ఉండిపోయాయి. పోయినేడు వాడు తలొంచుకుని అప్పడిగితే అవే తీసిచ్చాను. "నీ డబ్బేరా" అంటే పుచ్చుకోడని అప్పన్నాను. లెక్క కట్టుకోమనండి. వాడి డబ్బు వాడికే ఇచ్చి, పదేళ్ళు దాచిపెట్టినందుకు కూలి కూడా అడగలేదు నేను. నాకు ఎగ్గొట్టానని వాడు గొప్పలు పోనక్కర్లేదు. నిశ్చింతగా దివాలా తీయమనండి.

ఇట్లు,
అప్పిచ్చినవారిలో ఇక లేని తొయో

తా.క. సున్నా పక్కన నా ముద్ర పడింది గనక మీ తాఖీదు నాకిక చెల్లదు. ఆదివారం ఫోన్ చెయ్యను. పదింటికి వాడి తలుపే కొడతాను. ఈ సంగతి వాడికి చెప్పకండి. కుక్కరులో ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి ఉంచమని మాత్రం చెప్పండి.