ఫ్లెక్సీలో లేని టీచరు గారిని జపాను పంపుట గురించి

విద్యార్థుల విదేశీ మార్పిడి యాత్ర ప్రత్యేకాధికారి గారికి,
విజయవాడ.

అయ్యా,

విషయం: జపాను బడికి వెళ్ళు ముగ్గురు బాలికలకు తోడుగా ఐదుగురు పెద్దమనుషులను నియమించి, మా జీవరత్నం టీచరు గారిని మరచిపోవుట – సవరణ కోరుట – గురించి.

చల్లపల్లి దగ్గర పెదలంకపాడు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న రామతులసి సవినయముగా మనవి చేసుకొనునది:

1. జపాను బడికి రెండేళ్ళుగా ఉత్తరాలు రాసి, వారి పిల్లలను మన ఊరికి రప్పించి, ఇప్పుడు మమ్మల్ని అక్కడికి పిలిపించినది జీవరత్నం టీచరు గారు. తోడు వెళ్ళువారి జాబితాలో సమన్వయకర్త, ఉప సమన్వయకర్త, పర్యవేక్షకులు, ఆ పర్యవేక్షకులను పర్యవేక్షించు హర్షవర్ధన్ గారు, ఫొటోలు తీయువారు ఉన్నారు. టీచరు గారు లేరు. అసలు ఆడవారే లేరు.

2. ముగ్గురిలో ఒకరైన నా స్నేహితురాలు వినీలకు ప్రయాణం పడదు. విజయవాడ బస్సెక్కితే ఉయ్యూరు దాటకముందే వాంతి. ముఖం చూసి ముందే కనిపెట్టి నిమ్మకాయ, కవరు అందించగలవారు టీచరు గారొక్కరే. విమానంలో కిటికీ తెరవనివ్వరట. వినీల పక్క సీటు హర్షవర్ధన్ గారిదట. ఇది బెదిరింపు కాదు, సమాచారం మాత్రమే.

3. వినీలను పెంచిన నాయనమ్మ సంపూర్ణమ్మ గారు అనుమతి పత్రంపై ఇంకా సంతకం పెట్టలేదు. గడువు శుక్రవారం. "ఈ ఐదుగురూ ఎవరమ్మా? ఆడపిల్లకి ఒంట్లో బాగోకపోతే ఎవరితో చెప్పుకుంటది? టీచరమ్మ వెళ్తే పంపుతా. లేదంటే పిల్ల నా దగ్గరే ఉంటది" అని పత్రాన్ని బైబిల్లో పెట్టేశారు. ఆమె బైబిల్లో పెట్టినది పాస్టరు గారు అడిగినా బయటికి రాదు.

4. ఈ విషయమై తమ కార్యాలయంలో గుమాస్తా గారిని కలిసితిని.

"జాబితా మార్చడం కుదరదమ్మా. ఫ్లెక్సీ కట్టేశాం," అన్నారు.

"ఫ్లెక్సీకీ జపానుకీ సంబంధం ఏంటండీ?"

"పెద్దవాళ్ళ బొమ్మలు పడ్డాక తీసేస్తే ఏం బాగుంటది? నువ్వే చెప్పు."

చెప్పుటకు ముందు, తిరుగు బస్సు దిగి చల్లపల్లి సెంటరులో సదరు ఫ్లెక్సీని పరిశీలించితిని. పెద్దలు ఐదుగురూ తలుపంత ఉన్నారు. మేము ముగ్గురం కింద మూలన తపాలా బిళ్ళలంత ఉన్నాం. వినీల ముఖం మీదుగా తాడు కట్టారు. ఎవరికి ఎవరు తోడు వెళ్తున్నారో దారిన పోయేవారికి బోధపడదు.

'అనివార్యము' అనే మాట నాకు ఈ మధ్యనే పరిచయమైనది, చాలా నచ్చినది. టీచరు గారు అనివార్యము. ఫ్లెక్సీ కాదు.

కావున ఐదుగురిలో ఒకరిని, ఎవరైనా సరే, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకొమ్మని ఆదేశించి, ఆ స్థానంలో జీవరత్నం టీచరు గారి పేరు శుక్రవారంలోగా చేర్చించునట్లు, వినీల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించి చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంతవరకు తమ విధేయురాలు,
రామతులసి

తా.క.: నిన్నటి గాలివానకు తాళ్ళు తెగి ఫ్లెక్సీ కాలువ గట్టున పడినది. మేము ముట్టుకోలేదు. సంపూర్ణమ్మ గారు ఊరికే పోతుందని తెచ్చి గడ్డివాము మీద కప్పారు. రాత్రి మళ్ళీ వాన కురిసినా హర్షవర్ధన్ గారు ఒక్క గడ్డిపరకను కూడా తడవనివ్వలేదు. తోడుండుటలో వారు సమర్థులేనని ఒప్పుకుంటున్నాను, వారిని అక్కడే కొనసాగించవచ్చు. గుమాస్తా గారు చెప్పిన అడ్డంకి ఇక లేదు కదండీ. నాయనమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. పెన్ను నేనే ఇచ్చాను. ఇక మీదే ఆలస్యం.