ఆది జాకెట్

సుజాతా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇయ్యాల ఆబిడ్స్‌ల నీ జాకెట్లు కుట్టే నర్సింగ్ మాస్టర్ దగ్గరికి పోయిన. ఇరవై ఏండ్లసంది నీ ఆది జాకెట్ ఆయన దగ్గరనే ఉన్నది గదా. ఇంక కుట్టించేది లేదని చెప్పి, అది తెచ్చుకుందామనుకున్న.

"అమ్మ రాలేదా?" అన్నడు.

నిజం చెప్పనీకి నోరు రాలేదు. "ఇల్లు మారుతున్నం మాస్టర్, దూరమైతది" అన్న.

ఆయన ముఖం చిన్నబోయింది. జాకెట్‌ను ఇస్త్రీ చేసి, ఒక చీటీ రాసి పిన్ను పెట్టిండు. "కొత్త టైలర్‌కు గిది చూపియ్యమనుండ్రి" అన్నడు.

నాంపల్లిల ఇంటికొచ్చి చదివిన.

"కుడి చెయ్యి ఆదికంటె అరంగుళం వదులు పెట్టాలె. చెయ్యి లేపితే అమ్మకు భుజం నొస్తది."

ఎన్నేండ్లసంది నొస్తుండె సుజాతా? నాకెందుకు చెప్పలేదు?