ఎండకు విప్పిన ఫిల్ము

సిరిసిల్ల, గురువారం

పాత టీవీ ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగలతో కలిపి నేను చేసిన అల్యూమినియం రేకు యంత్రం వేల వోల్టులతో గాలిలోకి లేస్తోంది. ఎక్స్‌రే కూడా చిమ్ముతోందేమోనని, నల్లకాగితంలో చుట్టిన ఎక్స్‌రే ఫిల్ము మీద తాళంచెవి పెట్టి, వారంపాటు నడిపినంతసేపూ పక్కనే ఉంచాను. చిమ్ముతుంటే ఫిల్ము మీద తాళంచెవి నీడ పడాలి. ఈరోజు దాన్ని కడిగించడానికి కోరుట్ల బయలుదేరితే పోలీసులు బస్సు ఆపారు.

"గీ నల్లకాయితంల ఏముంది? అన్నల పాంప్లెట్లా?"

"ఫిల్ము సార్, ఎండ తాకితే ఖరాబైతది" అన్నాను. ఎండలోనే విప్పారు.

కోరుట్లలో కడిగితే మొత్తం నలుపే. ఎక్స్‌రే తీసేవాడు బెదిరిపోయాడు: "గింత రేడియేషనా సార్?"

ఎండేనన్నాను. ఎండొక్కటేనా, నాకూ తెలియదు. మళ్లీ కొలవాలంటే మళ్లీ నడపాలి.

ఇంటికి రాగానే నా కూతురు అడిగింది: "బాపూ, ఇయ్యాల గూడ ఎగరేస్తవా?"

వారంనుంచీ అది ఆ ఫిల్ము పక్కనే కూర్చుంటోంది.