కడుపునొప్పి చీటీ

నవంబరు 3, సోమవారం. సాయంత్రం 6:30

మనవరాలు స్కూలు నుంచి రాగానే ఒక చీటీ నా ముందు పెట్టి పెన్ను చేతికిచ్చింది. "నానమ్మా, ఇక్కడ సంతకం."

చదివాను. "29వ తేదీన కడుపునొప్పి కారణంగా మా అమ్మాయి నాలుగు వందల మీటర్ల పరుగులో పాల్గొనలేకపోయింది." ఇవాళ మూడో తేదీ. ఇరవై ఆరు రోజుల ముందే కడుపునొప్పి కబురు పంపిందన్నమాట!

పైగా ఎవరి దగ్గరికి తెచ్చింది? ముప్ఫై నాలుగేళ్లు అదే స్కూల్లో డ్రిల్ టీచర్ని నేను. విజిల్ టీచర్ వస్తోందంటే ఇప్పటికీ వీధిలో పెద్ద పెద్ద ఉద్యోగస్తులు నడుం నిటారు చేస్తారు. కడుపునొప్పి చీటీలు, కాలు బెణికిన చీటీలు, మేనమామ పెళ్లి చీటీలు వందల్లో చూశాను. ఒక్కదాన్నీ ఒప్పుకున్న పాపాన పోలేదు.

"పన్నెండేళ్ల పిల్లవి. ఒక్క రౌండు పరుగెత్తలేవుటే?"

"నువ్వు పరుగెత్తగలవా?"

"నిక్షేపంలా!"

నోరు జారాను. కోడలు వంటింట్లోంచి "అత్తయ్యా, మీకు అరవై మూడు" అని గుర్తుచేసింది. దాంతో రోషం ఇంకా పెరిగింది. ఆటల పోటీల రోజు పొద్దున్నే పెద్దవాళ్ల పరుగు కూడా పెట్టారట. ఒప్పందం కుదిరింది. నేను ఆగకుండా, నడవకుండా ఒక రౌండు పూర్తిచేస్తే మధ్యాహ్నం అది పరుగెత్తాలి. చెయ్యలేకపోతే చీటీ మీద నా సంతకం. ఈ ఏడాదికే కాదు, అది స్కూలు వదిలేదాకా ఏటా.

విజిల్ టీచర్ సంతకం కడుపునొప్పి చీటీ మీద! ఆ రోజు రాకూడదు. రానివ్వను.

రేపటి నుంచి:
4:45 లేవడం
5:15 గ్రౌండు
చక్కెర బంద్
సాకులు బంద్

కాలేజీ రోజుల్లో నన్ను పట్టుకునే మొనగత్తె లేదు. కాళ్లకి అన్నీ గుర్తుంటాయి.

నవంబరు 4, మంగళవారం. ఉదయం 6:40

అలారం కంటే ముందే లేచాను! గాలి అద్భుతం! ఈ సుఖం వదులుకుని ఐదేళ్లు మంచం మీద ఎందుకు దొర్లానో!

మా ఆయన టేపు పట్టుకుని వెంట వచ్చారు. తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చేతిలో టేపు లేకపోతే ఆయనకి తోచదు. ఇవాళ్టి పరుగు 73 మీటర్లు. ఆ తర్వాత బూటు లేసు చూసుకోవాల్సి వచ్చి ఆగాను. లేసు బాగానే ఉంది.

లెక్క కట్టాను. రోజుకి పదమూడు మీటర్లు పెంచితే 29వ తేదీకి 398. మిగతా రెండు మీటర్లు ఊపులో పోతాయి.

నవంబరు 5, బుధవారం

మెట్లు పక్కవాటుగా దిగాను. తుమ్మితే తొడలు నొప్పెట్టాయి. అయినా వెళ్లాను. 78.

నవంబరు 7, శుక్రవారం

92 మీటర్లు!

మా ఆయన దిద్దారు. "ఎనభై ఆరు పరుగు. ఆరు తూలడం."

ఈ మనిషితో నలభై ఏళ్లు కాపురం చేశాను. పరుగు అంతకంటే కష్టమా?

నవంబరు 9, ఆదివారం

విశ్రాంతి. కండరాలు పెరిగేది విశ్రాంతిలోనే. ఇది శాస్త్రం.

నవంబరు 10, సోమవారం

వాన. గ్రౌండంతా బురద. సర్వీసులో ఉండగా పిల్లల్ని బురదలోనే పరుగెత్తించేదాన్ని, నిజమే. వాళ్ల ఎముకలు వేరు.

నవంబరు 11, మంగళవారం

వాన లేదు. కానీ రావచ్చు.

నవంబరు 12, బుధవారం. ఉదయం 7:15

ఎడమ బూటు కనిపించలేదు. ఇల్లంతా గాలించాను. చివరికి మంచం కింద, పాత సూట్‌కేసు వెనకాల దొరికింది. అక్కడికి ఎలా వెళ్లిందో ఈ డైరీలో రాయను.

మనవరాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నానమ్మా, రాకపోతే చీటీ ఇవ్వాలి. రూలు."

రాసిచ్చాను. "బూటు కనబడనందువల్ల." తీసుకుని చదివి, అచ్చం నా గొంతుతో, "బూటు కనబడలేదా, కళ్లు కనబడలేదా?" అంది. ఈ మాట నేను ఎంతమందిని అన్నానో! వినేవాళ్లకి ఇంత మంట పుడుతుందని ఎవరూ చెప్పలేదు.

నవంబరు 15, శనివారం

మూడు రోజుల్లో మూడు చీటీలు.
13: తలనొప్పి.
14: మోకాలు.
15: కోడలి ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. రెండు ముక్కల కేకు ఇంటికొచ్చింది. రెండూ నిన్న నేనే తిన్నాను. అంత బరువుతో పరుగెత్తడం ఆరోగ్యానికి మంచిది కాదు.

మూడూ తిరస్కరించబడినవి.

నవంబరు 17, సోమవారం

ఇంక ఊరుకోను! మళ్లీ మొదలు! 5:10కే గ్రౌండులో ఉన్నాను. 120! మధ్యలో ఎవరో పలకరిస్తే జవాబు కూడా చెప్పాను. జవాబు "ఊఁ" మాత్రమే. అయినా చెప్పాను.

నవంబరు 20, గురువారం

ఘోరం. మా ఆయన గ్రౌండులో బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, ఫోనుతో నా కాళ్లు వీడియో తీశారు. ఇంటికొచ్చి నెమ్మదిగా తిప్పి తిప్పి చూశారు.

"ఏమోయ్, పరుగంటే రెండు కాళ్లూ ఒక్క క్షణమైనా నేలని వదలాలి. నీవి వదలడం లేదు. మా శాఖ లెక్కలో ఇది నడక."

"మీ శాఖ పదేళ్ల కిందటే మిమ్మల్ని ఇంటికి పంపింది."

"శాఖ పంపింది, కొలత పంపలేదు."

మధ్యాహ్నం ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడింటికి టీతో పాటు బిస్కెట్లు పెట్టారు. నాలుగు తిన్నాను, ఆయన మీద కోపంతో.

నవంబరు 23, ఆదివారం

మనవరాలు ఇవాళ తనే రిఫరీ అంది. నా పక్కనే వచ్చింది. నేను పరుగెత్తుతున్నాను, అది నడుస్తోంది. ఇద్దరం ఒకే వేగం. పైగా అది బిస్కెట్టు తింటోంది.

గ్రౌండు అవతలి గోడ దగ్గర నా టోపీ గాలికి ఎగిరిపోయింది. పిల్ల బిస్కెట్టు నోట్లో కుక్కుకుని రివ్వున పరుగెత్తింది. తెచ్చి ఇచ్చేసి మళ్లీ నడక మొదలుపెట్టింది. అమ్మో, ఏం పరుగు! మొదటి స్థానం వచ్చే పరుగు కాదు కానీ, చీటీ రాయించుకోవాల్సిన పరుగు అసలే కాదు.

"ఇంత బాగా పరుగెత్తుతావు, మరి నీకేం రోగమే?"

"కడుపునొప్పి" అంది, మొహం అటు తిప్పుకుని.

నవంబరు 26, బుధవారం

రాజీకి వెళ్లాను. "సగం రౌండుకి ఒప్పుకుంటావా?"

"సగం సంతకం పెడతావా?"

ఈ పిల్ల పెద్దయ్యాక లాయరవుతుంది.

నవంబరు 28, శుక్రవారం. సాయంత్రం 4:00

నిన్నటిదాకా రికార్డు 210. రేపు 400. పదమూడు మీటర్ల లెక్క ఏమైందని అడగొద్దు.

ఒక కాగితం తీసి ఇప్పటి డ్రిల్ సారుకి రాయడం మొదలుపెట్టాను. ఆ అబ్బాయి నా శిష్యుడే. "రేపటి పెద్దవాళ్ల పరుగులో కడుపునొప్పి కారణంగా..." అంతవరకూ రాశాక చెయ్యి ఆగింది. చింపేశాను. చింపిన ముక్కలు ఎవరూ చూడకుండా జేబులో పెట్టుకున్నాను.

నవంబరు 29, శనివారం. మధ్యాహ్నం 2:00

వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

9:10. విజిల్. ఏడుగురం. అందులో ఒకాయనకి డెబ్భై దాటాయి.

మొదటి వంద మీటర్లు బాగానే ఉంది. రెండో వందలో ఆ డెబ్భై ఏళ్లాయన "పదండమ్మా" అని నన్ను దాటిపోయారు. మూడో వందకొచ్చేసరికి మిగతా ఆరుగురూ గీత దాటేసి నీళ్లు తాగుతున్నారు. గ్రౌండు మొత్తం మీద నేనొక్కదాన్నే.

అయినా ఆగలేదు. ఊపిరి అందుతోంది. నిజంగా అందుతోంది! పూర్తిచేసేదాన్నే.

అప్పుడు మైకులో డ్రిల్ సారు గొంతు. "పిల్లలూ, చప్పట్లు! చివర వచ్చేవాళ్లకే గట్టిగా చప్పట్లు కొట్టాలని మన స్కూలుకి నేర్పింది ఈ టీచరే! కొట్టండి!"

ఎనిమిది వందల మంది కొట్టారు. లయగా. నా అడుగుకొక చప్పట. అందరి కళ్లూ నా మీదే. నా రొప్పు మీద, ఊగే పొట్ట మీద, ఈడ్చే కాలు మీద. అందరూ నవ్వు మొహాలతో, జాలిగా, ప్రేమగా కొడుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎవరైనా వెక్కిరించి ఉంటే ఆ కోపంతో పూర్తిచేసేదాన్ని.

ఈ పద్ధతి నాదే. ముప్ఫై నాలుగేళ్లు విజిల్ ఊది మరీ కొట్టించాను. ఎంత గొప్ప టీచర్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఏ పిల్లా తలెత్తి నవ్వుతూ గీత దాటలేదు. అలసిపోయారనుకున్నాను.

ఆగిపోయాను. ట్రాక్ దిగి, గడ్డి మీదుగా నడిచి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. పక్కకి చూస్తే తాడు అవతల మనవరాలు. గ్రౌండు మొత్తంలో చప్పట్లు కొట్టనిది అదొక్కతే. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది.

తరగతి గదుల వెనకాల అడిగాను. "అందుకేనా?"

తలూపింది. "పోయినేడు నేనే చివర వచ్చా. అందరూ కొట్టారు. అమ్మ వీడియో తీసి అందరికీ పంపింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు పెట్టిందే కదా నానమ్మా. నీకు బాధగా ఉంటుందని."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. చీటీ అడిగి తీసుకుని, కడుపునొప్పి కొట్టేసి, దాని పైన రాశాను: "చివర వచ్చినవాళ్లకి చప్పట్లు కొట్టించడం నేను చేసిన తప్పు. అది మానేదాకా మా అమ్మాయి పరుగెత్తదు." సంతకం పెట్టాను. గుండ్రంగా, పూర్తి పేరుతో.

డ్రిల్ సారు చదివి బిత్తరపోయాడు. "టీచర్, నాకూ కొట్టించారు మీరు. ఆరో తరగతిలో."

"ఎలా అనిపించింది నాయనా?"

చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నవంబరు 30, ఆదివారం

మంచం దిగలేదు. పరుగు లేదు, తీర్మానం లేదు, ఏమీ లేదు. ఎవరైనా ఫోను చేస్తే పడుకున్నానని చెప్పించాను.

మా ఆయన వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని నొప్పుల మందు రాశారు. మందు మూత బిగిస్తూ అన్నారు. "మూడు వందల పన్నెండు. రెండు కాళ్లూ నేలని వదిలాయి. నేను చూశాను."

డిసెంబరు 1, సోమవారం. ఉదయం 6:50

మళ్లీ మొదలు!

4:45 లేవడం. (5:05 అయింది. రేపు సరిచేస్తాను.)
5:15 గ్రౌండు. (5:40.)
చక్కెర బంద్. (టీలో తప్ప.)

తలుపు తీసేసరికి మనవరాలు బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నేనేం అడగలేదు. అడిగితే లేచి లోపలికి వెళ్లిపోతుందని భయం.

గ్రౌండులో మేమిద్దరం, టేపుతో వెంట వచ్చిన మా ఆయన తప్ప పురుగు కూడా లేదు. పిల్ల చుట్టూ చూసుకుంది. "నేనొక రౌండు వేస్తా. కానీ మీరిద్దరూ అటు తిరిగి నిలబడాలి. వెనక్కి చూస్తే ఆపేస్తా."

తిరిగాం. అరవై మూడేళ్ల డ్రిల్ టీచరూ, డెబ్భై ఏళ్ల కొలతల ఆఫీసరూ గోడకి మొహం పెట్టుకుని తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డాం. వెనక బూట్ల చప్పుడు దూరమైంది, దగ్గరైంది, మళ్లీ దూరమైంది. ఒక రౌండన్నది రెండు వేసింది. నా చేతులు వాటంతటవే చప్పట్లకి లేవబోతే గట్టిగా కట్టుకున్నాను.

"ఇప్పుడు నీ వంతు నానమ్మా. నేనూ అటు తిరుగుతా."

పరుగెత్తాను. పొట్ట ఊగనీ, కాలు ఈడ్చనీ, ఎవడు చూశాడు! మధ్యలో కాసేపు నడిచాను కూడా. వచ్చాక మా ఆయన గోడ వైపే తిరిగి అడిగారు. "ఎంత?"

"ఒక రౌండు. పూర్తిగా."

ఆయన రాసుకున్నారు. డైరీలో అబద్ధం రాయకూడదు: నిజంగా పరుగెత్తింది తొంభై మీటర్లే. కానీ ఎంత హాయిగా ఉందో! ఇంత హాయి ఉందని తెలియకుండానే అంత సర్వీసు చేశాను, ఒక్క పిల్లకీ ఇవ్వలేదు.

తిరిగొస్తుంటే అడిగాను. "రేపు వస్తావుటే?"

"వస్తా. తాతయ్యని మాత్రం ఇంకొంచెం దూరంగా నిలబెట్టు. గోడవైపు తిరిగి కూడా పైకి లెక్కపెడుతున్నారు, నాకు వినబడుతోంది."