పెద్ద ట్యాంక్ పెట్టిన రోజున

జూన్ 2

పెద్ద ట్యాంక్ వచ్చింది. హాల్లో సోఫా తీసి అక్కడ పెట్టించాను. అత్తగారు సోఫా దిగలేదు. మోసేవాళ్ళతో, నన్నూ దీంతోపాటే వరండాలోకి మోసెయ్యండి నాయనా అన్నారు. పగడాలూ చేపలూ పెంచే ఈ ఉప్పునీళ్ళ రీఫ్ ట్యాంక్‌ని ఆవిడ నా సవతి అంటారు. ఇంతకాలం చిన్నదిగా మూల గదిలో పడి ఉండేదట, ఇప్పుడు గోడంతా ఆక్రమించిందట.

సవతే కావచ్చు. ఆయన ఓడలో చీఫ్ ఇంజనీర్. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ఆ పగడాల ముందు స్టూల్ వేసుకుని కూర్చుంటారు. ఓడ ఎక్కాక చాకిరీ నాది. రోజూ ఉప్పు కొలవాలి, వేడి చూడాలి, ఆవిరైనంత మంచినీళ్ళు పొయ్యాలి. ఒక్కరోజు మరిచినా ఉప్పు పెరుగుతుంది. చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాను. చెల్లెలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

ఆయన ఎన్నేళ్ళ నుంచో ఒకటే మాట. పెద్ద ట్యాంక్ పెట్టిన రోజున ఓడ దిగిపోతాను, మళ్ళీ ఎక్కను అని. ఈ నెలాఖరుకి కాంట్రాక్ట్ అయిపోతుంది. ట్యాంక్ సంగతి చెప్పలేదు. తలుపు తీసేసరికి ఎదురుగా కనబడాలి.

జూన్ 6

చేపల షాపాయన వచ్చి పంపు, హీటర్, లైట్లు బిగించాడు. ఏది అడిగినా ఒకటో తరగతి నుంచి మొదలుపెడతాడు కాబట్టి మా ఇంట్లో ఆయన ఉప్పు మేష్టారు. కొత్త ఉప్పునీళ్ళు కలిపి తిప్పుతూ ఉండమన్నాడు. ముందు రాళ్ళు, తర్వాత పగడాలు, చివర చేపలు. పాత ఇసుక మాత్రం ఒక్క చెంచా కూడా వెయ్యొద్దు, అడుగున ఏళ్ళ తరబడి కుళ్ళిన మురికి ఉంటుంది, పారేసి కొత్తది వెయ్యండి అన్నాడు. రెండుసార్లు చెప్పాడు. అన్నీ వరసగా రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాను.

జూన్ 9, ఉదయం 11

చిన్న ట్యాంక్‌లోవన్నీ మార్చడం అయింది. నడుం పట్టేసింది. రాళ్ళన్నీ ఫోటో చూసుకుంటూ పాత వరసలోనే పేర్చాను. ఆయన వచ్చి వెతుక్కోకూడదు.

అనెమొనీని ఎత్తడమే కష్టమైంది. పువ్వులా విచ్చుకుంటుంది కానీ జంతువు. రాయిని పట్టుకుని వదల్లేదు, రాయితో సహా తెచ్చాను. దాన్ని అంటిపెట్టుకుని ఉండే రెండు క్లౌన్ చేపలు బకెట్లో కూడా ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. జంటకి జంటే.

ఒక్కటి మాత్రం మేష్టారు చెప్పినట్టు చెయ్యలేదు. పాత ఇసుక మా ఆయన తెచ్చింది. ఏ రేవులో దిగితే అక్కడి ఒడ్డు నుంచి ఒక గుప్పెడు కవర్లో కట్టి తెచ్చేవారు. తెల్లటిది, గోధుమరంగుది, గవ్వల పొడి ఉన్నది. బకెట్‌కెత్తి గుమ్మం దాకా తీసుకెళ్ళాను. పారబొయ్యబుద్ధి కాలేదు. వెనక్కి తెచ్చి కడిగి, కొత్త ఇసుక మీద పరిచాను.

సాయంత్రం 5

నీళ్ళు గంజిలా అయ్యాయి. మురుగు వాసన. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఫోన్ చెయ్యగానే మేష్టారు పరిగెత్తుకొచ్చి, బకెట్ చూసి, చొక్కా చేతులు మడిచాడు. ఆయన లెక్చర్ ఇవ్వకపోవడం ఇదే మొదటిసారి. పాత ఇసుకంతా ట్యూబుతో లాగేశాడు. సగం నీళ్ళు మార్చాడు. మురికి పీల్చడానికి బొగ్గు సంచులు వేలాడదీశాడు.

జూన్ 10

ఏమీ కనిపించడం లేదు. లైటు వేస్తే తెల్లటి గోడ.

జూన్ 11

ఆయన ఫోన్ చేశారు. రావడం లేదు. ఓడని మరమ్మతుకి మన దేశంలోనే ఒక రేవులో, నీళ్ళు తోడేసే డ్రై డాక్‌లో పెడుతున్నారట, పని పూర్తయ్యేదాకా చీఫ్ ఇంజనీర్ కదలకూడదట. ఆ తర్వాత కంపెనీ ఇంకో కాంట్రాక్ట్ ఇస్తానంటోందట. ఈ చివరి ముక్క దగ్గుతూ చెప్పారు.

అప్పుడు చెప్పేశాను, పెద్ద ట్యాంక్ పెట్టానని.

"ఆ మాట నువ్వు నిజంగా పట్టుకుంటావనుకోలేదోయ్," అన్నారు.

జూన్ 12

ఉప్పు 35. వేడి 26. ఇంకేం రాయాలని లేదు.

జూన్ 14

నీళ్ళు తేటపడ్డాయి. ఆకుపచ్చ పగడం ఒకటి పోయింది. తక్కినవి నిలబడ్డాయి. అనెమొనీ మాత్రం రాయి మీద లేదు. చచ్చి పంపులో పడిందేమోనని స్టూలెక్కి వెతికాను. అవతలి చివర, నేనేమీ పెట్టని చోట, అద్దానికి అతుక్కుని విచ్చుకుని ఉంది. దానంతటదే పాక్కుంటూ పోయింది. చేపలు రెండూ అక్కడే ఉన్నాయి.

వెనక్కి పెట్టాలా అని మేష్టారుని అడిగాను. తనకి నచ్చిన చోట ఆగింది, వదిలెయ్యమన్నాడు. చిన్న ట్యాంక్ అయితే ఆ దెబ్బకి ఒక్కటీ మిగిలేది కాదట. ఎక్కువ నీళ్ళు తట్టుకుంటాయట. పక్కన ఒక డబ్బా పెట్టి నీళ్ళు వాటంతటవే పడే ఏర్పాటు చేశాడు. ఇక మీరు ఊరెళ్ళినా భయం లేదు, నేను వారానికోసారి వచ్చి చూస్తాను అన్నాడు. నాకేం ఊరుంది అన్నాను.

అత్తగారు మందు బిళ్ళ చేతిలో పట్టుకుని వింటున్నారు.

"ఏం ఊరేమిటే? వాడున్న ఊరు. నీళ్ళ మీదున్నప్పుడు ఎలాగూ వెళ్ళలేవు. ఇప్పుడు కదలకుండా పడున్నాడుగా, వెళ్ళి పట్టుకో. చేపలకి నేను తిండి వేస్తాలే. వాటికేమన్నా నాలాగా పథ్యమా?"

జూన్ 15

ఆయనకి చెప్పాను. ఇక్కడేముంది, రంగుల కంపు, సుత్తుల మోత అన్నారు. వస్తానన్నాను. గెస్ట్ హౌస్‌లో దోమలన్నారు. వస్తానన్నాను. తర్వాత గొంతు తగ్గించి ఇంకొకటి అన్నారు.

"ఇంటికొస్తే నాలుగో రోజు నుంచి నాకేం చెయ్యాలో తోచదు. నువ్వన్నీ చక్కబెట్టేసి ఉంటావు. ఆ ట్యాంక్ ముందు కూర్చునేది అందుకే."

ఇన్నేళ్ళూ ఆయన వచ్చేలోగా కుళాయి వాషర్ దగ్గర్నుంచి అన్నీ బాగుచేయించి ఉంచేదాన్ని. వచ్చాక ఆయనకి ఒక్క పనీ మిగలకూడదని. చీకటి పడ్డా లైటు వెయ్యలేదు.

జూన్ 19

బియ్యం, పప్పు, అత్తగారి మందులు డబ్బాల్లో సర్దాను. చేపలకి ఏ పూట ఎంత వెయ్యాలో రాసి పెడుతుంటే ఆవిడ లాక్కున్నారు. నా కొడుకుని పెంచడానికి ఎవరు రాసిచ్చారే అన్నారు. రేపు రైలు.

జూన్ 21, మధ్యాహ్నం

గేటు దగ్గర తలకి పసుపు టోపీ పెట్టి లోపలికి పంపారు. ఓడ నీళ్ళలో లేదు. పెద్ద గొయ్యిలో, దిమ్మెల మీద, అడుగుతో సహా పొడిగా నిలబడి ఉంది. ఇంత పెద్దదని ఆయనెప్పుడూ చెప్పలేదు. పైన అంచు దగ్గర ఎవరో చెయ్యి ఊపారు. అంత ఎత్తున మొహం తెలియడం లేదు, ఆయనే అయ్యుంటారు. నేనూ ఊపాను.