మా బిడ్డకు లగేజీ టికెట్టు, మోటారుకు హాఫ్ టికెట్టు పడిన సంగతి

హిందూపురం,
తేది: 17-3-2003.

బస్సు డిపో మేనేజరు గారి సముఖమునకు, పెనుకొండ, హిందూపురములలో ‘సంగీత మోటార్ వైండింగ్ వర్క్స్’ అను అంగళ్లు నడుపుకొనుచున్న మ. రామచంద్ర వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ధర్మవరం - హిందూపురం బస్సు కండక్టరు ఓబన్న గారిని తిరిగి డ్యూటీలోకి తీసుకొనుట గురించి, సాక్ష్యం కింద డిపోలో ఉంచిన మోటారును వదులుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేనూ నా భార్య మంజులా పెనుకొండలో ఒకే అంగడితో ఈ వ్యాపారం మొదలుపెట్టితిమి. బోర్లలో నుండి మోటార్లు పైకి తీసి విప్పుట నా పని. కాలిన తీగ పీకి కొత్తది చుట్టుట ఆమె పని. పెద్దబిడ్డ సంగీత పుట్టిన వారంలోనే అంగడి బోర్డు మీద దాని పేరు రాయించితిమి. తరువాత వానలు తప్పినవి, బోర్లు లోతుకు పోయినవి, కరెంటు వచ్చిన కాసేపూ దీపం మిణుకుమన్నట్టుగా వచ్చుచుండుటచే మోటార్లు వరుసగా కాలినవి. ఊరందరికీ నష్టం, మాకు మాత్రం చేతినిండా పని. సంతోషించవలెనో సిగ్గుపడవలెనో తెలియక హిందూపురంలో రెండో అంగడి పెట్టితిమి. అక్కడ మంజుల, చంటివాడు హరి. పెనుకొండలో నేను. పెనుకొండ బడిలో ఒకటో తరగతి చదువుచున్న సంగీత మాత్రం ఎక్కడ ఉండవలెనన్నది మేమెవ్వరమూ ముందుగా ఆలోచించినట్టు లేదు.

2. మా అమ్మ ఆదెమ్మ ఆమడగూరు దగ్గర పల్లెలో ఉన్నది. వచ్చి బిడ్డను చూసుకొమ్మని అడుగుటకు నేను స్వయముగా పోయితిని. ఆమె గొర్రెల మధ్యనే నిలబడి నా మాట పూర్తిగా విన్నది. “నా గొర్రెలను నువ్వు వచ్చి చూసుకో, నీ బిడ్డను నేను పోయి చూసుకుంటా” అని న్యాయముగానే చెప్పినది. నేను తిరుగు బస్సు ఎక్కితిని.

3. అందువలన జరిగిన ఏర్పాటు ఏమనగా, సంగీత పగలు పెనుకొండలో బడి, రాత్రి హిందూపురంలో తల్లి దగ్గర. పొద్దున హిందూపురంలో తల్లి ఎక్కించును, పెనుకొండలో నేను దింపుకొందును. సాయంత్రం అదే బస్సు ధర్మవరం నుండి తిరిగి వచ్చునప్పుడు నేను ఎక్కింతును, తల్లి దింపుకొనును. రెండు పూటలా కండక్టరు ఓబన్న గారే. డ్రైవరు వెనక సీటులో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టుకొనేవారు. సోమందేపల్లిలో బస్సు ఆగినప్పుడు నీళ్లు తాపేవారు. టికెట్టు మాత్రం ఏనాడూ మానలేదు. ఆరేళ్ల బిడ్డకు హాఫ్ టికెట్టు, దానితోపాటు నేను పంపే మోటారుకు లగేజీ టికెట్టు. ఒకసారి మొహమాటానికి ‘బిడ్డకు ఎందుకులే’ అని నేనే అంటిని. “ఏమప్పా, బిడ్డకు మర్యాద లేదా” అని ఆయన టికెట్టు కొట్టి దాని చేతికే ఇచ్చినారు.

ఇక్కడ ఒక మాట అర్జీకి అవసరం లేకపోయినా రాయుచున్నాను. సంగీతకు మొదటి పన్ను బస్సులోనే ఊడినది. దానిని కాగితంలో చుట్టి, సంచిలో భద్రముగా తెచ్చి మంజుల చేతిలో పెట్టినది ఓబన్న గారే. ఆ పన్ను ఊడుట నేను చూడలేదు, తల్లీ చూడలేదు.

4. ఇక నేరము జరిగిన దినము. ఆనాడు పెనుకొండ అంగట్లో ఫోను చచ్చిపోయి ఉన్నది. సోమందేపల్లి రైతు చిన్నప్ప గారి మోటారు కాలినందున దానిని వెంటనే హిందూపురం పంపవలసి ఉండెను. బిడ్డకు కొంచెం ఒళ్లు వెచ్చగా ఉండెను. నోటితో చెప్పి పంపితే అది దారిలో మరచిపోవును గనుక, ఇద్దరి గురించీ మంజులకు రెండు చీటీలు రాసితిని. ఓబన్న గారు కిటికీలో నుండి రెండు టికెట్లు ఇచ్చినారు. ఒక్కొక్క చీటీతో ఒక్కొక్క టికెట్టు కలిపి దారంతో కట్టితిని. ఒకటి మోటారుకు, బ్యాగుకు కడితే బ్యాగు మరచిపోవునని ఇంకొకటి బిడ్డ చేతికే కట్టితిని. వెనక లారీవాడు హారను కొట్టుచుండెను, అంగట్లో మరి ముగ్గురు రైతులు నా పేరు పెట్టి పిలుచుచుండిరి. ఈ పరిస్థితులలో చీటీలు తారుమారు అగుట జరిగినది.

5. సోమందేపల్లి దాటినాక చెకింగు సార్లు బస్సు ఎక్కినారు. గోనెసంచి చుట్టిన మోటారుకు ఆనుకొని బిడ్డ నిద్రపోవుచున్నది. దాని చేతికి లగేజీ టికెట్టు, దానితోపాటు ఈ చీటీ: ‘పూర్తిగా కాలిపోయింది. విప్పి, పాతదంతా పీకి పారేసి, కొత్తగా చుట్టి, నీళ్లలో ముంచి పరీక్షించాలి. అర్జెంటు. - సంగీత మోటార్ వైండింగ్ వర్క్స్.’

మోటారుకు హాఫ్ టికెట్టు, ఈ చీటీ: ‘మధ్యాహ్నం సరిగా తినలేదు. దిగగానే పెరుగన్నం పెట్టు. ఒళ్లు వేడిగా ఉంది, తగ్గకపోతే సిరప్పు తాపు. రాత్రి నీ పక్కనే పండుకోబెట్టుకో.’

సార్లు బిడ్డను లేపి పేరు అడిగినారు. సంగీత అన్నది. ఎవరి బిడ్డవు అని అడిగినారు. నిద్రమత్తులో అది మా అంగడి బోర్డు మీద ఉన్నదంతా చదివినట్టు చెప్పినది. అప్పుడు ఓబన్న గారిని, ఈ పాప నీకు ఏమవుతుంది అని అడిగినారు. ఆయన భయపడి ఏదో ఒక చుట్టరికం చెప్పియుంటే ఇంతదూరం వచ్చేది కాదు. ఆయన చెప్పినది ఇంతే:

“మా రూటు బిడ్డ సార్.”

రిపోర్టులో మాత్రం ‘తోడు లేని మైనరును సామాను కింద రవాణా చేసినాడు, సామానుకు ప్రయాణికుని టికెట్టు ఇచ్చినాడు, అడిగితే పొంతన లేని జవాబు చెప్పినాడు’ అని రాసినారు. ఒక్కొక్క మాటగా చూస్తే అబద్ధమని చెప్పలేను. మొత్తంగా చూస్తే మాత్రం ఇందులో ఓబన్న గారు లేరు.

6. హిందూపురం బస్‌స్టాండులో చంటివాణ్ణి ఎత్తుకొని నా భార్య ఎదురుచూచుచున్నది. బస్సు వచ్చినది, బిడ్డ దిగలేదు. ఆ క్షణమున ఆమెకు ఏమైనదో ఆమె ఇంతవరకూ నాకు చెప్పలేదు, నేను అడుగలేదు. సార్లు బిడ్డనూ మోటారునూ తమ జీపులో ముందే తెచ్చినందున, బిడ్డ కంట్రోలరు గారి గదిలో బల్ల మీద కూర్చొని బన్ను తినుచుండెను. సార్లు ఆమెను, ఈ పాప మీదేననుటకు ఋజువు ఏమున్నదని అడిగినారు. ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని,

“ఒక గంట ఈడనే పెట్టుకోండి సారూ, ఆనెక మీరే తెచ్చి ఇస్తారు” అన్నది.

అంత సేపు పట్టలేదు. బన్ను అయిపోగానే సంగీత గదిలోని స్విచ్చులు ఒక్కొక్కటిగా విప్పుటకు పూనుకొన్నది. సంతకం కూడా తీసుకొనకుండా బిడ్డను ఇచ్చివేసినారు. మోటారును మాత్రం ఇవ్వలేదు.

7. ఆ మోటారు నేటికీ తమ డిపోలోనే ఉన్నది. చిన్నప్ప గారు పట్టు కోసం రేషం పురుగులు పెంచుకొనే రైతు. మల్బరీ తోటకు నీళ్లు ఆగిపోయినవి, పురుగులకు ఆకు కరువైనది. ఆయన దినమూ వచ్చి అంగట్లో స్టూలు మీద కూర్చొనుచున్నారు. తిట్టరు, అరవరు. “బిడ్డను ఇచ్చినారు కదా, సంతోషం. నా మోటారు యాడుండాది?” అని మాత్రం అడుగుదురు. ప్రస్తుతానికి అద్దె మోటారు ఒకటి దింపి ఆయన తోట నిలబెట్టితిని. అయినను ఆయన వచ్చుట మానలేదు. అలవాటు అయినట్టున్నది.

8. విచారణలో సాక్ష్యం చెప్పుదునని నేను డిపోకు వచ్చితిని. నేను ఆ బస్సులో ప్రయాణం చేయలేదు గనుక నా మాట చెల్లదనీ, ప్రయాణికులే చెప్పవలెననీ గుమాస్తా గారు తెలిపినారు. మరునాడు ఆ ఆరేళ్ల ప్రయాణికురాలిని తీసుకొని వచ్చితిని. ఏమి జరిగినదమ్మా అని వారు దయతోనే అడిగినారు. “నేను నిద్రపోయినా సార్” అని ఆమె సత్యము చెప్పినది. అదే రాసుకొన్నారు.

9. ఓబన్న గారు సస్పెండు అయినప్పటి నుండి బిడ్డ ఆ బస్సు ఎక్కనంటున్నది. మంజుల మధ్యాహ్నమే అంగడి మూసి, చంటివాడితో పెనుకొండ వచ్చి దీనిని తీసుకొని పోవుచున్నది. ఓబన్న గారి భార్య రామక్క నిన్న మా అంగడికి వచ్చినది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇంట్లో మనిషికి కాళ్లు నిలవడం లేదని, అన్నం తినుచూ నడుమ లేచి వాకిట్లోకి పోయి బస్సు టైము చూసుకొని వచ్చుచున్నారని మాత్రం చెప్పినది. ఆమె తిట్టియున్నచో బాగుండెడిది.

కావున అయ్యా, శిక్ష వేయవలెనన్న నాకు వేయండి. నన్ను ఏ బస్సూ ఎక్కనివ్వకండి, నడిచి పోదును. ఇరవై ఏళ్లుగా సంచి భుజాన వేసుకొని తిరుగుచున్న మనిషిని, నా దారపు ముడి వలన ఇంట్లో కూర్చోబెట్టకండి. ఆ చీటీలు కట్టిన చెయ్యే ఈ అర్జీ కూడా రాసినదని దయయుంచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మ. రామచంద్ర

ఇట్లు మంజుల రాసేది:

సారూ, మా ఆయన అర్జీ నాకు చదివి వినిపించి, పోస్టులో వెయ్యమని ఇచ్చిపోయినాడు. కవరు అంటించకముందు నేను కూడా రెండు మాటలు రాస్తాండా. ఆయన మాదిరి రాయడం నాకు రాదు.

ఆ పొద్దు బస్సు వచ్చి బిడ్డ దిగకపోతే నాకేమయిందో ఆయనకు చెప్పలేదంట కదా. మీకు చెప్తా. ఏమీ కాలేదు సారూ. బిడ్డ దిగలేదని తెలిసినాక కూడా నా కండ్లు ముందు మోటారును వెతికినాయి. చేసిచేసి అట్లయిపోయినా. దాని తరువాత నాకు అన్నం పోలేదు.

అందుకని ఇద్దరం కూర్చొని మాట్లాడుకున్నాం. జూన్ నుంచి సంగీతను ఈడనే బడిలో వేస్తాం. ఆయన సాయంత్రానికి పెనుకొండ అంగడి మూసి దిగి వస్తాడు. ఆ పైన వచ్చే పని ఇంకొకరికి పోతే పోనీ. ధర్మవరంలో మూడో అంగడి అనుకుంటా ఉన్నాం, అది కూడా మానుకున్నాం. ఈ సంగతి ఆయన అర్జీలో రాయలేదు, ఇంకా ఆశ చావలేదు.

బిడ్డకు చెప్తే సంతోషపడుతుంది అనుకుంటిని. ఏడ్చింది. ఓబన్న మామ బస్సు లేకుంటే నేను యాడికి పోవాల అంటాది.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మేము నలుగురం ధర్మవరం దాకా పోయి వస్తామని దానికి మాట ఇచ్చినా. పని మీద కాదు, ఊరికే. రెండో అంగడి పెట్టినప్పటి నుంచి మేము నలుగురం ఒకే బస్సులో పక్కపక్కన కూర్చున్నది లేదు సారూ. ఆ పొద్దుకైనా ఓబన్న గారిని ఆ రూటులోనే వెయ్యండి.